వెనక చక్రం ఎటు కదలాలి?

సైకిల్‌కి స్ప్రింగు పెట్టాలన్న ఆలోచన దాదాపు సైకిల్ అంత పాతది. 1885లో లండన్‌లో లిన్లీ అండ్ బిగ్స్ అనేవాళ్ళు 'విప్పెట్' అనే సైకిల్ తయారుచేశారు. అందులో సీటు, హాండిల్, పెడళ్ళు మూడూ ఒకదానికొకటి దూరం మారకుండా ఒక జట్టుగా ఉంటాయి. ఆ జట్టంతా మిగతా చట్రం మీద ఒక స్ప్రింగు సాయంతో ఊగుతుంది. అప్పటి టైర్లు గట్టి రబ్బరువి. రోడ్డు మీది ప్రతి రాయీ తిన్నగా వెన్నుపూసకి చేరేది కాబట్టి ఆ స్ప్రింగు సరదా కోసం పెట్టింది కాదు. మూడేళ్ళకి, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకి పేటెంట్ తీసుకున్నాడు. స్ప్రింగు చేసే పనిలో చాలా భాగం గాలి చేసేసింది, అదీ తక్కువ బరువుతో. స్ప్రింగు సైకిళ్ళు మెల్లగా పక్కకి తప్పుకున్నాయి. 1962లో అలెక్స్ మౌల్టన్ చిన్న చక్రాల సైకిల్‌కి రబ్బరు సస్పెన్షన్ పెట్టడం లాంటి కొన్ని ప్రయత్నాలు వచ్చాయి గానీ, దాదాపు వందేళ్ళపాటు సైకిల్ అంటే కదలని చట్రమే.

ఈలోగా మోటార్‌సైకిల్ తన దారిన తను పోయింది. వెనక చక్రాన్ని ఒక ఊగే చేతికి బిగించి, ఆ చేతికి షాక్ అబ్జార్బర్ తగిలించడం 1940ల చివరికే కుదిరిపోయింది. ఇంగ్లండ్‌లో ఆ పద్ధతిని తొలిరోజుల్లోనే చేపట్టిన బళ్ళలో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఒకటి. 1955 నుంచి మద్రాసులో తయారవుతూ మన రోడ్ల మీదకి వచ్చిన ఆ బండి వెనక చక్రం అలాగే కదిలేది. ఇవాళ మనం ఆఫీసుకి వేసుకెళ్ళే ప్రతి బైకూ దాదాపు అంతే.

మోటార్‌సైకిల్‌కి అంత తొందరగా దొరికిన జవాబు సైకిల్‌కి మరో నలభై ఏళ్ళదాకా ఎందుకు దొరకలేదు? చాలా కథనాల్లో కనిపించే సమాధానం "అవసరం రాలేదు" అని. నాకది సగం నిజమే అనిపిస్తుంది. మిగతా సగం ఇంజన్‌లో ఉంది. 100 సీసీ బండి ఇంజన్ సుమారు 6,000 వాట్ల శక్తినిస్తుంది. బాగా తొక్కగలిగిన మనిషి ఒక గంటపాటు ఇవ్వగలిగేది రెండు మూడు వందల వాట్లు. బండి సస్పెన్షన్‌లో వంద వాట్లు వృథా అయినా మనకి తెలీదు. సైకిల్ మీద అదే వంద వాట్లు పోతే కాళ్ళు వెంటనే చెప్తాయి. పైగా ఈ ఇంజన్ బోల్టులేసి బిగించింది కాదు. సైకిల్ కన్నా ఐదారు రెట్లు బరువుండే ఈ ఇంజన్ సీటు మీద కూర్చుంటుంది, లేచి నిలబడుతుంది, ఒక్కో కాలు తొక్కినప్పుడల్లా పైకీ కిందకీ ఊగుతుంది. కింద స్ప్రింగు ఉందంటే ఆ ఊపు స్ప్రింగులోకి వెళ్తుంది. ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్ చరిత్ర అంటే నా దృష్టిలో ఈ చిక్కుతో తొక్కేవాళ్ళు పడ్డ పాట్లు, చేసిన ఫిర్యాదులు, వాటికి ఇంజనీర్లు ఇచ్చిన జవాబులు. అందులో కొన్ని జవాబులు లాయర్ల దగ్గర ఆగిపోవడం కూడా.

కథ అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న మరీన్ కౌంటీలో మొదలవుతుంది. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు 1930లు, 40ల నాటి ష్విన్ సైకిళ్ళు పోగుచేసి, వాటిమీద టామల్‌పయస్ కొండ చుట్టుపక్కల మట్టి దారుల్లో దూసుకుంటూ దిగేవాళ్ళు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక దిగుడు దారిలో మొదటి పందెం పెట్టుకున్నారు. సుమారు రెండు మైళ్ళ దూరంలో 1,300 అడుగుల దిగుడు. వెనకకి తొక్కితే పడే పాతకాలపు బ్రేకులు ఆ దిగుడుకి కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అని పేరు పడింది. చార్లీ కెల్లీ పందేలు నడిపేవాడు. గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు, ఆ రికార్డు అలాగే ఉండిపోయింది. జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే ఒక కొత్త ఫ్రేమ్ చేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో మౌంటెన్ బైక్‌ని పెద్దఎత్తున మార్కెట్లోకి తెచ్చింది.

వీటిలో దేనికీ సస్పెన్షన్ లేదు. లావు టైర్లు, తొక్కేవాడి మోచేతులు, మోకాళ్ళే సస్పెన్షన్. 1989లో, మోటోక్రాస్ బళ్ళ దగ్గర పనిచేసి వచ్చిన పాల్ టర్నర్ రాక్‌షాక్స్ పేరుతో ముందు ఫోర్కుకి సస్పెన్షన్ తెచ్చాడు. రెండంగుళాల లోపు కదలికే అది. మరుసటి ఏడాది కొలరాడోలోని డురాంగోలో జరిగిన తొలి అధికారిక ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే డౌన్‌హిల్ గెలిచాడు. ముందు చక్రం సంగతి దాదాపు తేలిపోయింది. ముందు చక్రానికి చైన్ ఉండదు కాబట్టి అది అంత తేలిగ్గా తేలింది.

వెనక చక్రానికి చైన్ ఉంటుంది, చిక్కంతా అక్కడే. తొక్కినప్పుడు చైన్ వెనక ఇరుసుని ముందుకి లాగుతుంది. వెనక చక్రాన్ని పట్టుకున్న ఊగే చేయి ఎక్కడ కీలుకి తగులుకుని ఉందో దాన్నిబట్టి ఆ లాగుడు సస్పెన్షన్‌ని నొక్కుతుంది, లేదా సాగదీస్తుంది. కీలు చైన్ వెళ్ళే గీత కన్నా బాగా పైన ఉంటే, తొక్కిన ప్రతిసారీ వెనక భాగం గట్టిపడి పైకి లేస్తుంది. అప్పుడు ఊపు తగ్గుతుంది గానీ, గుంతలో పడినప్పుడు చక్రం పైకి కదులుతూ చైన్‌ని లాగి పెడల్‌ని కాలికింద వెనక్కి తంతుంది. కీలు బాగా కింద ఉంటే ఆ తన్ను ఉండదు, కానీ తొక్కేవాడి బరువు వెనక్కి పడ్డప్పుడల్లా సైకిల్ కూలబడుతుంది. తొక్కేవాళ్ళు దీనికి 'బాబ్' అని పేరు పెట్టారు. నీళ్ళలో బెండు తేలుతూ మునుగుతూ ఊగడం లాంటిదన్నమాట. 1990ల మొదట్లో ఫుల్ సస్పెన్షన్ సైకిల్ ఎక్కిన చాలామంది చెప్పిన మాట ఒకటే. దిగేటప్పుడు సోఫా, ఎక్కేటప్పుడు బురద.

ఆ బాబ్‌ని చంపడానికి వచ్చిన జవాబుల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది విఫలమైన జవాబే. 'యూనిఫైడ్ రియర్ ట్రయాంగిల్' అన్నారు దాన్ని. పెడళ్ళనీ వెనక చక్రాన్నీ ఒకే ముక్కకి బిగించి, ఆ ముక్క మొత్తం ఊగేటట్టు చేశారు. అప్పుడు పెడళ్ళకీ ఇరుసుకీ మధ్య దూరం ఎప్పటికీ మారదు, చైన్ సమస్య మాయం. కాగితం మీద ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ట్రెక్ కంపెనీ వై ఆకారపు ఫ్రేములు, క్లైన్ మాంట్రా, ఇబిస్ సాజ్‌బో అన్నీ ఈ కుటుంబంవే. 1990ల మధ్యలో పత్రికల అట్టల మీద ఆ వై ఆకారం భవిష్యత్తులా వెలిగింది.

తొక్కేవాళ్ళు కనిపెట్టింది వేరు. పెడళ్ళు ఊగే ముక్క మీద ఉన్నాయి కదా, మనిషి లేచి పెడళ్ళ మీద నిలబడగానే అతని బరువంతా స్ప్రింగు పై భాగం నుంచి కింద భాగానికి మారిపోతుంది. సస్పెన్షన్ దాదాపు బిగుసుకుపోతుంది. ఎక్కేటప్పుడు లేచి తొక్కేవాళ్ళకి ఇది వరంలా అనిపించింది, కంపెనీలూ అలాగే చెప్పుకున్నాయి. కానీ రాళ్ళ దిగుడులో ఎవరూ సీటు మీద కూర్చోరు, అందరూ పెడళ్ళ మీద నిలబడే దిగుతారు. అంటే సస్పెన్షన్ అన్నిటికన్నా కావలసిన క్షణంలోనే అది సెలవు పెడుతుంది. పైగా సస్పెన్షన్ కదిలినప్పుడల్లా సీటుకీ పెడల్‌కీ మధ్య దూరం మారుతూ ఉంటుంది. నూట పదేళ్ళ క్రితం విప్పెట్ వాళ్ళు ఏ దూరాలు మారకూడదని జాగ్రత్తపడ్డారో సరిగ్గా ఆ దూరమే. 2000 ప్రాంతానికి మంచి కంపెనీలు చాలావరకు ఆ పద్ధతిని వదిలేశాయి. దాన్ని ఓడించింది ల్యాబులో లెక్కలు కాదు, దిగుడులో నిలబడ్డవాళ్ళ మోకాళ్ళు.

ఇంకో ఫిర్యాదు బ్రేకు గురించి. ఒకే కీలు మీద ఊగే చేతికి బ్రేకు బిగిస్తే, బ్రేకు పట్టినప్పుడు తిరిగే చక్రం ఆ చేతిని తనతో తిప్పుకుపోవాలని చూస్తుంది. దాంతో సస్పెన్షన్ నొక్కుకుని గట్టిపడుతుంది. గతుకుల దిగుడులో బ్రేకు పడితే చక్రం నేలని అంటిపెట్టుకోకుండా ఎగిరెగిరి పడుతోందని తొక్కేవాళ్ళు అనేది దీన్నే. దీనికి జవాబు చెప్పినవాడు హార్స్ట్ లైట్నర్. ఆస్ట్రియాలో పుట్టి, మోటోక్రాస్ పందేల నుంచి ఇంజనీరింగ్ వైపు వచ్చి, కాలిఫోర్నియాలో స్థిరపడ్డ మనిషి. చైన్ లాగుడు సస్పెన్షన్‌ని పాడుచేయకుండా ఆపడం ఎలాగన్నది మోటార్‌సైకిళ్ళ కాలం నుంచీ ఆయన్ని పట్టుకున్న సమస్య. ఆయన చేసిన పని వినడానికి చాలా చిన్నది. పెడళ్ళ దగ్గర నుంచి వెనక చక్రానికి పోయే కింది గొట్టానికి, ఇరుసుకి కొంచెం ముందు, కొంచెం కింద, ఒక కీలు పెట్టాడు. దాంతో ఇరుసు, బ్రేకు రెండూ ఫ్రేముకి నేరుగా తగిలిన చేతిమీద కాకుండా, నాలుగు కీళ్ళ మధ్య తేలే ముక్క మీద ఉంటాయి. బ్రేకు పట్టినా ఆ ముక్క సస్పెన్షన్‌ని అంతగా బిగించదు. దీన్ని ఆయన పేరుతోనే హార్స్ట్ లింక్ అంటారు.

1996లో దీనికి అమెరికా పేటెంట్ వచ్చింది. 1998లో స్పెషలైజ్డ్ ఆ పేటెంట్లని కొనేసింది. ఇక అమెరికాలో ఎవరైనా ఆ కీలు అక్కడ పెట్టాలంటే లైసెన్సు తీసుకుని డబ్బు కట్టాలి. మరి కట్టనివాళ్ళు? కీలుని కొన్ని సెంటీమీటర్లు పైకి జరిపి, ఇరుసుకి పైనున్న గొట్టం మీద పెట్టారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పని మాత్రం వేరు. కీలు పైకి జరగ్గానే ఇరుసు మళ్ళీ ఫ్రేముకి తగిలిన చేతి మీదకే వచ్చేస్తుంది, లెక్క ప్రకారం అది ఒకే కీలు సైకిల్ అయిపోతుంది. ట్రెక్ వాళ్ళూ, డేవ్ వీగిల్ అనే డిజైనరూ వేర్వేరుగా కీలుని సరిగ్గా ఇరుసు చుట్టూనే పెట్టే పద్ధతులు తెచ్చారు. ఆ రెండిటి మధ్య మళ్ళీ ఒక కోర్టు వ్యాజ్యం నడిచింది. 2010లలో హార్స్ట్ లింక్ గడువు తీరాక ట్రాన్సిషన్ లాంటి కంపెనీలు ఒకే కీలుని వదిలి అటు తిరిగాయి.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ఒక మంచి పద్ధతి చుట్టూ కంచె ఉంటే, దాని పక్కనుంచి వెళ్ళే వంకర దారులు పుట్టుకొస్తాయి, కొన్నేళ్ళకి ఆ వంకర దారినే గొప్ప ఆలోచనగా అమ్ముతారు. కానీ న్యాయంగా చెప్పాలంటే కంచె వల్ల కొన్ని నిజమైన కొత్త ఆలోచనలూ వచ్చాయి. అవుట్‌లాండ్ అనే చిన్న కంపెనీ రెండు పొట్టి లింకులు ఎదురెదురు దిశల్లో తిరిగే పద్ధతిని పేటెంట్ చేసింది. స్కేట్‌బోర్డర్ రాబ్ రోస్‌కాప్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన శాంటా క్రూజ్ సైకిల్ కంపెనీ ఆ హక్కులు తీసుకుంది. 2000ల మొదట్లో దానిమీద సైకిళ్ళు దింపింది. వీగిల్ చేసిన డీడబ్ల్యూ లింక్‌లో రెండు లింకులూ ఒకే దిశలో తిరుగుతాయి. తొక్కేటప్పుడు బరువు వెనక్కి పడటం ఎంతో, చైన్ లాగుడు పైకి లేపడం అంత ఉండేటట్టు చూడటం అతని పట్టుదల. ఆ రెండూ సమానమైతే సైకిల్ ఊగదు. 2006లోనూ 2007లోనూ శామ్ హిల్ డౌన్‌హిల్ ప్రపంచ విజేత అయింది ఐరన్ హార్స్ కంపెనీ వాళ్ళ డీడబ్ల్యూ లింక్ సైకిల్ మీదే. ఆ కంపెనీ 2009లో దివాలా తీసింది. ఫ్రేమ్ బాగుంటే కంపెనీ నిలుస్తుందన్న హామీ ఏమీ లేదు.

ఇంకొందరు ఫ్రేమ్ జోలికి పోకుండా షాక్ లోపలే మందు వెతికారు. 2003లో వచ్చిన స్పెషలైజ్డ్ ఎపిక్‌లో చిన్న ఇత్తడి బరువుతో పనిచేసే వాల్వు ఉంటుంది. కింద నుంచి దెబ్బ తగిలితే తెరుచుకుంటుంది, పైనుంచి కాలు నొక్కితే తెరుచుకోదు. నేల మాట వింటుంది, మనిషి మాట వినదు అనుకోవచ్చు. తొక్కినవాళ్ళు దానిమీద రెండుగా చీలిపోయారు. పందేలవాళ్ళు మెచ్చుకున్నారు. మిగతావాళ్ళలో చాలామంది, వాల్వు తెరుచుకునే ఆ క్షణంలో సీటు కింద 'టక్' మని తగిలే దెబ్బని భరించలేకపోయారు.

ఇదంతా చదివాక ఒకసారి కాలిఫోర్నియాకి ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు, ఒక శనివారం టామల్‌పయస్ దగ్గర ఫుల్ సస్పెన్షన్ సైకిల్ అద్దెకి తీసుకున్నాను. షాపు కుర్రాడు ముందు నా బరువు అడిగాడు. చేతి పంపుతో షాక్‌లోకి గాలి కొట్టి, నన్ను ఎక్కి కూర్చోమని, షాక్ మీదున్న చిన్న రబ్బరు రింగు ఎంత జరిగిందో చూశాడు. మొత్తం కదలికలో పావు వంతు దాకా నా బరువుకే దిగాలట. చక్రం పైకి రావడానికే కాదు, గుంతలోకి దిగడానికీ చోటుండాలి కాబట్టి. ఎక్కుడులో కూర్చుని తొక్కినంతసేపూ ఏమీ తెలియలేదు. లేచి తొక్కగానే కింద ఏదో మెత్తగా లొంగింది. అక్కడి మట్టి దారుల్లో గంటకి 15 మైళ్ళు మించకూడదని నియమం, కాబట్టి నా దిగుడులో వీరత్వం ఏమీ లేదు. కానీ ఎండిన వాగు రాళ్ళ మీద బ్రేకు పట్టినప్పుడు వెనక చక్రం నేలని తడుముకుంటూ పోవడం నడుముకి స్పష్టంగా తెలిసింది. లైట్నర్ కీలు గురించి అన్ని పేజీలు చదివినా రాని అర్థం ఆ పది సెకన్లలో వచ్చింది.

అలాగని నడుము చెప్పిందంతా నిజమనలేం. గట్టి ఫ్రేమ్ ప్రతి గతుకునీ ఒంటికి చేరవేస్తుంది, ఆ మోతే మనకి వేగంలా అనిపిస్తుంది. మెత్తటి సైకిల్ నిశ్శబ్దంగా పోతుంది కాబట్టి నెమ్మదిగా ఉన్నట్టుంటుంది. ఏళ్ళ తరబడి క్రాస్ కంట్రీ పందేలవాళ్ళు వెనక సస్పెన్షన్‌ని నమ్మకపోవడానికి బరువుతోపాటు ఇదీ ఒక కారణం అనుకుంటాను. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ మొదటిసారి అడుగుపెట్టినప్పుడు బార్ట్ బ్రెంట్యన్స్ గెలిచింది వెనక సస్పెన్షన్ లేని సైకిల్ మీదే. 2012 లండన్‌లో యరొస్లావ్ కుల్హావీ గెలిచింది ఫుల్ సస్పెన్షన్ ఎపిక్ మీద. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో టామ్ పిడ్‌కాక్ కూడా ఫుల్ సస్పెన్షన్ మీదే గెలిచాడు. అనుభవం, గడియారం ఒకదాన్నొకటి ఒప్పించుకోవడానికి అంతకాలం పట్టింది. తొక్కేవాడి మాట సాక్ష్యమే, కానీ అడ్డప్రశ్నలు వేయాల్సిన సాక్ష్యం. మంచి డిజైనర్లు చేసింది అదే. "బాగాలేదు" అన్న మాటని కొట్టిపారేయకుండా, ఎక్కడ, ఎప్పుడు, కూర్చునా నిలబడా, బ్రేకు పట్టా వదిలా అని విడదీసి అడిగారు.

అయితే ఈ చరిత్రలో ఎవరి మాట సాక్ష్యంగా లెక్కకి వచ్చింది? పందెగాళ్ళది, పత్రికల్లో రాసేవాళ్ళది, కొన్ని వేల డాలర్లు పెట్టి కొన్నవాళ్ళది. వాళ్ళు వద్దన్న వై ఆకారం నిజానికి చచ్చిపోలేదు. అది కిందకి దిగింది. మన ఊళ్ళలో ఏ సైకిల్ షాపు ముందైనా చూడండి. మెరిసే స్టిక్కర్లతో, మధ్యలో ఎర్ర స్ప్రింగుతో, అదే ఆకారాన్ని గుర్తుచేసే బరువైన ఇనుప సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉంటాయి. హైదరాబాద్‌లో మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే ఆయన్ని ఒకసారి అడిగితే నవ్వాడు. "పిల్లలు గదే అడుగుతరన్నా, డబుల్ షాకర్ అని. లోపల ఏముండది, ఉత్త స్ప్రింగే. ఏడాదికి బుష్‌లు అరిగి డగడగ అంటది."

ఆయన చెప్పింది సాంకేతికంగా కూడా సరైన మాట. స్ప్రింగు దెబ్బని మింగుతుందంతే, మింగినదాన్ని మళ్ళీ కక్కుతుంది. దాన్ని వేడిగా మార్చి నెమ్మదింపజేయడానికి నూనె, వాల్వులు ఉన్న డ్యాంపర్ కావాలి. అది లేని స్ప్రింగు తొక్కినప్పుడల్లా ఊగుతుంది, గుంతలో పడితే ఎగరేస్తుంది. ఆ కీలు ఎక్కడుండాలో, ఆ పిల్లాడి బరువుకి ఎంత దిగాలో ఎవరూ లెక్కేసి ఉండరు. ఫ్లైఓవర్ ఎక్కుడులో ఆ సైకిల్ మీద లేచి నిలబడి తొక్కే పదో తరగతి పిల్లాడి కాళ్ళలోంచి పోతున్న శక్తి, 1990లలో మరీన్ పందెగాడు ఫిర్యాదు చేసిన బాబే. వాడికి ఆ పేరు తెలీదు. తన కాళ్ళలోనే బలం లేదనుకుంటాడు.

నన్ను ఇబ్బందిపెట్టేది ఇదే. ఒక వస్తువులోని లోపం, దాన్ని చెప్పగలిగినవాళ్ళ చేతుల్లో ఉన్నప్పుడు డిజైన్ సమస్య అవుతుంది. కీళ్ళు జరుగుతాయి, పేటెంట్లు వస్తాయి, కోర్టులు నడుస్తాయి, చివరికి సైకిల్ బాగుపడుతుంది. అదే లోపం మాట చెల్లనివాళ్ళ చేతుల్లోకి వచ్చాక వాళ్ళ ఒంటి సమస్య అయిపోతుంది. ఫుల్ సస్పెన్షన్ ఫ్రేమ్ ముప్పై ఏళ్ళలో అంత బాగుపడింది లింకుల వల్లే అని కేటలాగులు చెప్తాయి. నాకు మాత్రం, తొక్కేవాళ్ళని అడిగారు కాబట్టి బాగుపడిందనిపిస్తుంది. ఆ ఫ్లైఓవర్ మీది పిల్లాణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే వాడూ చెప్తాడు, ఎక్కడ ఊగుతోందో, ఎప్పుడు ఊగుతోందో.